ఏడు ల్యాప్‌టాప్‌లు, ఒక కొసరు

2022 వానాకాలంలో, కొండాపూర్ మొత్తంలో ఏ రిపేరువాడికీ సాధ్యం కాని పని ఒకటి నేను చేసి చూపించాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లు ఎన్నున్నాయో నా కళ్లతో చూడకుండా, ఇల్లు మొత్తానికీ కలిపి వైఫై బాగుచేసే పనిని గుత్తకు ఒప్పుకున్నాను. పని పూర్తయ్యాకే డబ్బు అన్న షరతును కూడా, ఎవరూ అడగకముందే, నేనే పెట్టుకున్నాను. పటాన్‌చెరులో మూడు తరాలుగా స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్న మా ఇంట్లో ఇలాంటి బేరం చేసిన ఘనత ఇప్పటికీ నా ఒక్కడిదే. సంగతి విన్న మా నాన్న ఒక పూట నాతో మాట్లాడలేదు. రెండో పూట మాట్లాడారు, అదింకా బాధగా ఉండింది.

నా దుకాణం ఒక మెస్సుకూ ఒక డ్రై క్లీనింగ్ షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ల్యాప్‌టాప్‌ల రిపేరు, పాతవి కొనడం, అమ్మడం, ఇళ్లకు వెళ్లి ఇంటర్నెట్ సరిచేయడం నా పని. స్టీలు గిన్నెలు వదిలి వచ్చినా ఆ దుకాణం అలవాటు ఒకటి నాతోనే వచ్చింది. మా నాన్న ప్రతి గిన్నె అడుగునా, కొన్న ధరను మా ఇంటివాళ్లకే అర్థమయ్యే అక్షరాలలో రాస్తారు. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొనేవాళ్లకు అది కంపెనీ గుర్తులా కనిపిస్తుంది. మాకు మాత్రం బేరంలో ఎంతదాకా దిగవచ్చో చెబుతుంది. నా దుకాణంలో ప్రతి వస్తువు అడుగునా అలాగే మార్కర్‌తో రాసి ఉంటుంది. ఈ కథలో ఆ రాత నాకు ఎదురు తిరిగింది.

ఆ గురువారం పొద్దున షటర్ సగం ఎత్తానో లేదో, కరుణమ్మ మేడం వచ్చి నిలబడ్డారు. ఆవిడది గుంటూరు వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. అంతకు ముందు ఏడాది నా దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. గంటసేపు బేరమాడి, డబ్బు ఇచ్చేశాక కూడా కౌంటర్ వదలకుండా, “కొసరేదండీ?” అని అడిగిన మనిషి. ఆకుకూర కట్టల దగ్గర అడిగే కొసరును ల్యాప్‌టాప్ దగ్గర అడిగితే ఏం చేస్తాం? చేతికందింది ఏదో ఇచ్చి పంపాను.

“మా వైఫై చస్తూ బతుకుతూ ఉంది బాబూ. వచ్చి చూడ్డానికి ఎంత తీసుకుంటారు?”

“ల్యాప్‌టాప్‌కు నాలుగు వందలు మేడం. ఎన్నున్నయి మీ ఇంట్ల?”

“నాదీ, మా అమ్మాయిదీ, మా వారిదీ.”

మూడు. పన్నెండు వందలు. నాలోని దుకాణదారుడు వెంటనే లేచి కూర్చున్నాడు. “మీరు తెలిసినోళ్లు మేడం. లెక్కలెందుకు? ఎన్నున్నా సరే, ఇల్లు మొత్తానికి పదిహేను వందలియ్యిండ్రి. అన్నీ నడిచినంకనే పైసలు.”

ఆవిడ ఒక్క క్షణం నన్ను జాలిగా చూశారు. ఆ జాలి ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. “పద్నాలుగు వందలు చేయండి. బోణీ బేరం కదా, కాదనకండి.”

గుండె మీద చెయ్యి పెట్టుకుని, నష్టపోతున్నవాడిలా నిట్టూర్చి, ఒప్పుకున్నాను. రెండు వందలు అదనంగా కొట్టేశానన్న సంతోషంతో సంచి సర్దుకుని బయలుదేరాను.

మూడో అంతస్తులో వాళ్ల ఫ్లాట్. హాల్లో సోఫా మీద వాళ్లమ్మాయి సలోమి, కుడికాలికి పిండికట్టుతో కూర్చుని ఉంది. కాలు స్టూలు మీద, ఒడిలో ఆఫీసు ల్యాప్‌టాప్, పక్కన సొంత ల్యాప్‌టాప్. భోజనాల బల్ల మీద మేడం గారిది. పడకగదిలో, జీడిమెట్లలో మందుల కంపెనీలో అకౌంట్స్ చూసే ఆయన గారివి రెండు, ఒకటి కంపెనీది, ఒకటి ఆన్‌లైన్‌లో చర్చి వాక్యం వినడానికి. వెనుక గదిలో ఈమధ్యే పేయింగ్ గెస్టులుగా చేరిన ఇద్దరు నర్సులవి చెరొకటి. మొత్తం ఏడు.

“ఏంది మేడం, మూడన్నరు కదా?”

“మనుషులను లెక్కపెట్టి చెప్పానండి. ఎన్నున్నా సరేనన్నది మీరే!”

సలోమి నవ్వు ఆపుకుంది గానీ, దాని వెనకాల మొహంలో నిద్రలేమి కనిపిస్తూనే ఉంది. “మా అమ్మతో బేరం పెట్టుకున్నావా అన్నా? పోయింది నీ పని,” అని, తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వానలో స్కూటీ జారి కాలు విరిగింది. పిండికట్టు విప్పడానికి ఇంకా ఆరు వారాలు. ఆఫీసు రాయదుర్గంలో. ఇంటి నుంచి పని చేసుకోనిచ్చారు గానీ, పోయిన వారం క్లయింట్ కాల్ మధ్యలో రెండుసార్లు లైను పోయింది. “సోమవారం మూడింటికి డెమో ఉంది. ఇంకొక్కసారి మాయమైతే మంగళవారం నుంచి ఆఫీసుకు రమ్మన్నాడు మా లీడ్. రాలేకపోతే జీతం లేకుండా సెలవు పెట్టుకోమన్నాడు.”

“గీ కాలుతోనా?”

“కాలు కనిపించదు కదా అన్నా వీడియోలో.”

“ఫికర్ చెయ్యకు చెల్లె. సోమవారం ఎందుకు, ఇయ్యాలనే అయిపోతది,” అన్నాను. ఇలాంటి మాటలు చెప్పడానికి నేనెప్పుడూ డబ్బు తీసుకోను.

జబ్బు లక్షణాలు విచిత్రంగా ఉన్నాయి. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, కింద మాత్రం “ఇంటర్నెట్ లేదు” అని వస్తుంది. ఇవాళ సలోమి ల్యాప్‌టాప్‌కు, రేపు వాళ్ల నాన్నదానికి. ఆపి మళ్లీ పెడితే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. నేను వెళ్లిన సమయానికి అన్నీ చక్కగా పని చేస్తున్నాయి.

ముందు రౌటర్‌ను వెతికాను. రౌటర్ అంటే బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగను ఇంట్లో అందరికీ గాలిలో పంచే పెట్టె. అది ఇనుప బీరువాకూ గోడకూ మధ్య, లేత గులాబీ రంగు ఊలు తొడుగు వేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో మిక్సీకి, టీవీ రిమోట్‌కు, ఫ్రిజ్ పిడికి కూడా తొడుగులున్నాయి.

“దుమ్ము పడకుండా నేనే అల్లానండి,” అన్నారు మేడం.

“దానికి ఊపిరాడ్తలేదు మేడం. పైగా ఇనుప బీరువా పక్కన పెడితే సగం సిగ్నల్ అక్కడనే ఆగిపోతది.”

తొడుగు విప్పి, వెనకున్న వైర్లు ఎటు పోతున్నాయో చూడకుండానే, రౌటర్‌ను హాల్లో షోకేసు మీదికి మార్చాను. తర్వాత ఛానెల్ మార్చాను. ఛానెల్ అంటే గాలిలో ఒక వరుస. ఆ అపార్ట్‌మెంట్లో సగం ఇళ్ల రౌటర్లు ఒకే వరుసలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఖాళీగా ఉన్న వరుస చూసి పెట్టాను. ఏడు ల్యాప్‌టాప్‌లూ పరీక్షించి, డబ్బు ఇప్పుడే ఇవ్వమంటే బాగుండునని మనసులో అనుకుంటూనే, “రెండు రోజులు చూసి ఇయ్యిండ్రి,” అని గొప్పగా చెప్పి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున ఫోను. “రాత్రంతా బాగాలేదు, ఇప్పుడూ బాగాలేదండి.” చేతిలో వేరే పని ఉండి నేను వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి! రోగి డాక్టర్‌ను చూడగానే లేచి కూర్చున్నట్టు. ఏమీ దొరక్కపోయినా ఏదో ఒకటి చేయాలి కదా. నెట్‌వర్క్ రీసెట్ మొదలుపెట్టాను. అంటే ల్యాప్‌టాప్‌కు పాత సంబంధాలన్నీ మరిపించి, మళ్లీ మొదటి నుంచి పరిచయం చేయడం. ఒక్కోదానికి అరగంట. ఏడింటికి ఎంతో మీరే లెక్క వేసుకోండి; ఆ రోజు నేను వేసుకుంటూనే ఉన్నాను. ఐదో దాని దగ్గర మేడం టీ ఇచ్చి, “ల్యాప్‌టాప్‌కు నాలుగు వందలు అనుకుని ఉంటే ఎంతయ్యేదండీ?” అని అమాయకంగా అడిగారు.

“ఇరవై ఎనిమిది వందలు మేడం.”

“అయ్యో పాపం,” అన్నారు. చక్కెర ఇంకో చెంచా వేశారు.

శనివారం మధ్యాహ్నం మళ్లీ ఫోను. ఈసారి నేను ఏదో చెప్పబోయేలోపే ఆవిడ అన్నారు, “మీరిప్పుడు రావద్దండి. జ్వరం ఎప్పుడొస్తుందో, ఎప్పుడు దిగుతుందో తెలియకుండా మందు వేయకూడదు. నేను గురువారం నుంచి చార్టు రాస్తున్నాను. రేపు చర్చి నుంచి వచ్చాక చూద్దాం.”

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లాను. అదృష్టం కొద్దీ అప్పుడు జబ్బు సాక్షాత్తూ కనిపించింది. సలోమి ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ నిండుగా ఉంది, ఇంటర్నెట్ లేదు. మొదటి రోజే చూడవలసినదాన్ని అప్పుడు చూశాను, దాని ఐపీ అడ్రస్.

ఇది కొంచెం చెప్పాలి. ఏ ల్యాప్‌టాప్ అయినా ఇంట్లో వైఫైకి తగలగానే రౌటర్‌ను ఒక నంబరు అడుగుతుంది. అదే ఐపీ అడ్రస్. ఆసుపత్రిలో ఓపీ చీటీ ఇచ్చే కిటికీ లాంటిది ఒకటి రౌటర్‌లో ఉంటుంది. దాన్ని మేము డీహెచ్‌సీపీ అంటాం. అది నంబరు చీటీ ఇచ్చి, “బయటికి పోయే తలుపు ఇటు” అని దారి కూడా చెబుతుంది. ఆ తలుపు పేరు గేట్‌వే. సలోమి ల్యాప్‌టాప్‌లో ఉన్న చీటీ, షోకేసు మీది రౌటర్ ఇచ్చింది కాదు. ఇంకెవరో ఇచ్చిన చీటీ. ఆ చీటీలో చెప్పిన తలుపు వెనకాల గోడ తప్ప ఏమీ లేదు.

“మేడం, ఈ ఇంట్ల ఇంకో రౌటర్ యాడుంది?”

“ఒక్కటేనండి. ఆ తొడుగు ఉన్నదే. మీరు విప్పేశారుగా.”

“ఇంకోటి పక్కా ఉంది. చీటీలు ఇస్తనే ఉంది.”

మేడం లోపలికి వెళ్లి చార్టు తెచ్చి బల్ల మీద పరిచారు. వాడని కేస్ షీట్ వెనక వైపు, ఎర్ర గీతలతో, గంటగంటకూ గుర్తులు. గురువారం ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా బాగుంది, తర్వాత జబ్బు. శుక్రవారం ఒంటిగంట దాకా జబ్బు, తర్వాత రాత్రి ఎనిమిదిన్నర దాకా బాగుంది. శనివారం మళ్లీ గురువారం లాగే. ఆదివారం పొద్దుటి నుంచీ జబ్బే. నాకు అంతకంటే ఏమీ కనిపించలేదు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూశారు, ఇంకోసారి చూశారు.

“ఏవండీ, ఇది జ్వరం చార్టు కాదు. డ్యూటీ చార్టు! మార్నింగ్ డ్యూటీ, ఆఫ్టర్‌నూన్ డ్యూటీ, మళ్లీ మార్నింగ్, ఇవాళ వీక్లీ ఆఫ్. ముప్పై ఏళ్లు నేను గీసిన చార్టే ఇది!”

అందరం ఒకేసారి వెనుక గది వైపు చూశాం. ఆ గదిలో ఉండే ఇద్దరు నర్సులకూ ఒకే షిఫ్టు.

తలుపు కొట్టగానే స్వప్న అనే అమ్మాయి తీసింది. మంచం వెనక, గోడవారన, పచ్చని లైట్లతో ఒక పెట్టె. దానికి హాల్లోని రౌటర్ నుంచి తలుపు సందులోంచి లాగిన వైరు.

“గిదెవరు పెట్టిన్రమ్మా?”

“నేనే అన్నా. మా రూమ్‌ల సిగ్నల్ వస్తలేదు, కిరాయి జర తగ్గించున్రి మేడం అంటే గీ రౌటర్ ఇచ్చిన్రు. వీడియో చూసి వైరు గుంజి పెట్టిన. ఏమైంది?”

“డ్యూటీకి పోయేటప్పుడు బంద్ చేసి పోతవా?”

“బయటికి పోతే అన్ని స్విచ్‌లు బంద్ చెయ్యాలని మేడం రూలే కదా.”

అదీ సంగతి. వాళ్లు ఇంటికి రాగానే రెండో కిటికీ తెరుచుకుంటుంది. ఆ సమయంలో చీటీ అడిగిన ల్యాప్‌టాప్‌కు ఏ కిటికీ ముందు చెయ్యి చాపితే అదే దిక్కు. అందుకే ఇవాళ ఒకరికి, రేపు ఇంకొకరికి. నేను వెళ్లిన రెండుసార్లూ వాళ్లు డ్యూటీలో ఉన్నారు. రేపు మార్నింగ్ డ్యూటీ నుంచి రెండున్నరకు వస్తారు. సలోమి డెమో మూడింటికి.

“కిరాయి తగ్గించడం ఇష్టం లేక కొసరుగా ఇచ్చి మరిచేపోయానండి,” అన్నారు మేడం నొచ్చుకుంటూ. “స్టోర్‌రూమ్ డబ్బాలో పడి ఉంది. ఇంటర్నెట్ వాళ్లు వదిలేసిపోయిన పాతదనుకుంటా.”

నేను పెట్టెను తిరగేశాను. అడుగున నల్ల మార్కర్‌తో మా నాన్న నేర్పిన అక్షరాలు, నా దస్తూరీలో. కొన్న ధర డెబ్బై. పోయిన ఏడాది “కొసరేదండీ?” అంటే పాత సామాను బుట్టలోంచి తీసి నేనిచ్చింది ఇదే. ఎలా వాడాలో చెప్పలేదు, సెట్టింగ్ మార్చలేదు. వదిలించుకున్నాను, అంతే. నా కొసరు ఆవిడ కొసరుగా చేతులు మారి, సలోమి ఉద్యోగం మీదికి వచ్చి కూర్చుంది.

“ఇంటర్నెట్ వాళ్లదే అయ్యుంటది మేడం,” అన్నాను. ఆ అక్షరాలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు కదా.

మరమ్మతుకు ఇరవై నిమిషాలు పట్టింది. కొసరు పెట్టెలో చీటీల కిటికీ మూసేశాను, దాని నంబరు మార్చాను. ఇప్పుడది యాక్సెస్ పాయింట్ మాత్రమే. అంటే సొంతంగా చీటీలివ్వదు, సిగ్నల్‌ను ఆ గదిదాకా మోసుకెళ్తుంది. తొక్కుడు పడే వైరు తీసి కొత్తది గోడవెంట కొట్టాను. ఏడు ల్యాప్‌టాప్‌లూ ఆపి, పెట్టి, చూశాను. అన్నిటికీ సరైన చీటీలే. అయినా ఆ రోజు అన్నం సహించలేదు. వైఫై గురించి కాదు.

సోమవారం రెండున్నరకు ఎవరూ పిలవకుండానే వెళ్లాను. బయట వాన దంచుతోంది. నర్సులిద్దరూ తడిసి వచ్చి, గదిలోకి వెళ్లి, స్విచ్ వేశారు. సలోమి కాల్‌లో చేరింది. మూడుకు ఐదు నిమిషాలుందనగా కరెంటు పోయింది.

“ప్రభువా!” అన్నారు మేడం.

నిమిషంలో జనరేటర్ అందుకుంది. అసలు పరీక్ష అప్పుడే. రెండు పెట్టెలూ ఒకేసారి నిద్రలేస్తాయి. ఆ పాత పెట్టె చిన్నది కాబట్టి ముందే లేస్తుంది. లేచి మళ్లీ చీటీలు పంచడం మొదలుపెడితే, నిన్న నేను చేసిందంతా వృథా. షోకేసు మీద లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. సలోమి నా వైపు చూస్తోంది, నేను ల్యాప్‌టాప్ వైపు చూస్తున్నాను. చీటీ వచ్చింది. గేట్‌వే సరైనదే.

“వచ్చింది. మాట్లాడు చెల్లె!”

నలభై నిమిషాల డెమో. నేనూ మేడమూ వంటింట్లో నిలబడి, మిక్సీ తొడుగు అంచును చెరోవైపూ పట్టుకుని, ఇంగ్లీషులో సలోమి గొంతు ఆగకుండా సాగడం విన్నాం. మధ్యలో ఎవరో నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చివర్లో లీడ్ గొంతు స్పష్టంగా వినిపించింది. కాలు తగ్గేదాకా ఇంటి నుంచే చేసుకోమన్నాడు. సలోమి ల్యాప్‌టాప్ మూసి, పిండికట్టు మీద రెండు చేతులతో దరువేసింది. “అమ్మా, అన్నకు టీ కాదు, కేకు పెట్టు!”

మేడం పద్నాలుగు వందలు లెక్కపెట్టి ఇవ్వబోయారు. బేరం బేరమే. తీసుకుంటే ఎవరికీ తెలియదు. మా నాన్న అక్షరాలు కాపాడతాయి. కానీ ఆ అక్షరాలు ఆయన కొనేవాళ్లతో బేరమాడటానికి నేర్పారు. చేసిన తప్పు దాచుకోవడానికి కాదు.

“మేడం, ఆ పెట్టె ఇంటర్నెట్ వాళ్లది కాదు. నాది. పోయినేడు మీకు కొసరిచ్చింది నేనే. నిన్న అబద్ధం చెప్పిన.”

ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. “అడుగున రాత చూశానండి. నేను కొన్న ల్యాప్‌టాప్ అడుగునా అలాంటి గీతలే ఉన్నాయి. మీరే చెబుతారేమోనని ఊరుకున్నా,” అని కేకు ముక్క ప్లేటులో పెట్టారు. “చెప్పకపోతే ఈ ముక్క సలోమిదే.”

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఏ ఇంటికి వెళ్లినా ల్యాప్‌టాప్‌లు ఎన్ని అని తర్వాత అడుగుతాను. లైటు వెలిగే పెట్టెలు ఎన్ని, ఏ గదిలో ఎవరు ఏ వేళకు ఉంటారు, ఆ వేళలు ఎవరైనా కాగితం మీద రాశారా అని ముందు అడుగుతాను. మిషన్లను మాత్రమే పరీక్షించినంత కాలం మనుషుల రాకపోకలు నాకు కనిపించలేదు. వాటిని చూసింది జీవితంలో ఎన్నడూ వైఫై సెట్టింగ్ పేజీ తెరవని ఒక నర్సింగ్ ట్యూటర్. ఇంకోటి, ఊరికే ఇచ్చిన వస్తువుకు కూడా పూచీ ఉంటుంది.

ఆ రోజు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఆవిడ చూస్తుండగా, అందరికీ అర్థమయ్యే అంకెలతో రాసిన బిల్లు ఇది. ఇల్లు మొత్తానికి గుత్త: పద్నాలుగు వందలు. జబ్బు తెచ్చిన పెట్టె నాదే కాబట్టి సగం కోత: ఏడు వందలు. జబ్బు కనిపెట్టిన మేడం గారి చార్టుకు ఫీజు: రెండు వందలు. ఇవ్వవలసింది: ఐదు వందలు. అందులో కొత్త వైరుకు నూట ఎనభై, నాలుగు రాకపోకల పెట్రోలుకు నూట అరవై పోగా, నాకు మిగిలింది నూట అరవై, ఒక కేకు ముక్క. చివరి వరుస మాత్రం ఆవిడ నోరు తెరవకముందే రాసి, కింద రెండు గీతలు గీశాను: కొసరు, లేదు.